కెమిస్ట్రీ చెప్పే నేను కౌన్సెలింగ్ డిగ్రీ చదవవచ్చునా?

బ్రాడీపేట లెక్చరర్ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను. విజయవాడలోని ఒక రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలలో పద్నాలుగేళ్లుగా ఇంటర్మీడియట్ బాలికలకు కెమిస్ట్రీ చెబుతున్నాను. అయిదేళ్లుగా హాస్టల్లో ఒక అంతస్తు బాధ్యత కూడా నాదే కావడం వల్ల వారానికి మూడు రాత్రులు అక్కడే ఉంటాను. నా వయసు 39 సంవత్సరాలు. చదివింది ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, బీఈడీ. మనస్తత్వశాస్త్రంతో నా పరిచయమంతా బీఈడీలో చదివిన ఒక్క పేపరు మాత్రమే.

రెండేళ్ల క్రితం నవంబరులో, రాత్రి స్టడీ అవర్ అయిపోయాక, పల్నాడు ప్రాంతం నుంచి వచ్చిన ఒక అమ్మాయి నా గదికి వచ్చి, "మేడమ్, వీక్లీ టెస్టు పేపరు చేతికి రాగానే చేతులు చల్లబడిపోతున్నాయి, ఊపిరి అందడం లేదు" అని చెప్పింది. నేను మంచినీళ్లు తాగించి, బాగా చదువుకుంటే ఆ భయం అదే పోతుందని ధైర్యం చెప్పి పంపించేశాను. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లిన ఆ అమ్మాయి మళ్లీ కళాశాలకు రాలేదు. మూడు నెలలుగా తనకు సరిగా నిద్ర లేదని, హాస్టల్లో ఉన్న పెద్దవాళ్లందరిలో నాకొక్కదానికే ఆ సంగతి చెప్పుకుందని వాళ్ల నాన్నగారు ఫోనులో చెప్పినప్పుడు నాకు నోట మాట రాలేదు. ఇప్పుడు ఆ అమ్మాయి ఊరికి దగ్గర్లోనే డిగ్రీ చదువుకుంటూ కులాసాగా ఉందట. అయినా ఆ రాత్రి నేను చెప్పిన ముక్క నన్ను వదలడం లేదు.

అందుకే కౌన్సెలింగ్, మానసిక ఆరోగ్యం చక్కగా చదువుకోవాలని నిశ్చయించుకున్నాను. ఆన్‌లైన్‌లో వెతికితే మూడు నెలల సర్టిఫికెట్ మొదలుకొని రెండేళ్ల ఎమ్మెస్సీ వరకు ఎన్నో కనిపిస్తున్నాయి కానీ, వాటిలో దేనికి చట్టపరమైన విలువ ఉన్నదో తెలియడం లేదు. ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో చదివే వీలున్నదా, సైకాలజీలో డిగ్రీ లేని నన్ను పీజీలో చేర్చుకుంటారా, చదువు పూర్తయ్యాక నన్ను నేను ఏమని చెప్పుకోవచ్చు అన్నవి నా సందేహాలు. ఇంకొక భయం కూడా ఉంది. పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి, నా దగ్గరికి వచ్చే పిల్లలేమో తెలుగులో ఏడుస్తారు. ఈ రెంటికీ నడుమ దారి ఎలా వేసుకోవాలో ఈ చదువులో ఉన్నవారు చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.


పటమట క్లినిక్ సమాధానం

మేడమ్ గారూ, నేను క్లినికల్ సైకాలజిస్టుగా పదకొండేళ్లుగా విజయవాడలో పనిచేస్తున్నాను. మీరు డిగ్రీల పేర్ల దగ్గర తికమక పడటం సహజమే, ఎందుకంటే ఈ పేర్ల వెనుక రెండు వేర్వేరు చట్టాలు ఉన్నాయి, వాటి సంగతి ప్రకటనలు ఇచ్చేవారు చెప్పరు.

మొదటిది 1992 నాటి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చట్టం. "క్లినికల్ సైకాలజిస్టు" అని బోర్డు పెట్టుకోవాలంటే ఆ కౌన్సిల్ గుర్తించిన కోర్సు చదివి, దాని కేంద్ర రిజిస్టరులో పేరు నమోదు చేయించుకోవాలి. నా తరం వారికి ఆ కోర్సు రెండేళ్ల ఎంఫిల్. సైకాలజీలో పీజీ ఉన్నవారికి మాత్రమే అందులో ప్రవేశం ఉండేది. నూతన విద్యావిధానంలో ఎంఫిల్‌ను ఎత్తివేసినా, క్లినికల్ సైకాలజీకి, సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కు మాత్రం 2025-26 విద్యాసంవత్సరం వరకు విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం (యూజీసీ) గడువు ఇచ్చింది. మీరు ఈ దారిలో రావాలంటే సైకాలజీ పీజీ, ఆ తర్వాత కౌన్సిల్ గుర్తించే కోర్సు కలిపి ఎన్నో ఏళ్లు పడుతుంది. హాస్టల్లోని పిల్లలకు అండగా నిలవడమే మీ ధ్యేయమైతే ఇంత దూరం రావలసిన పని లేదని నా అభిప్రాయం.

రెండవది 2021 నాటి నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం. క్లినికల్ సైకాలజిస్టులు కాని ఇతర సైకాలజిస్టులు, ఆరోగ్య రంగంలోని కౌన్సెలర్లు, సోషల్ వర్కర్లు ఈ చట్టం జాబితా కిందికి వస్తారు. ఈ చట్టం చదువును గంటల్లో కొలుస్తుంది: హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనిపించుకోవడానికి కనీసం 3,600 గంటల డిగ్రీ చదువు ఉండాలంటుంది. మీరు దూరవిద్య గురించి అడిగారు కనుక ఇక్కడే చెప్పాలి. ఈ చట్టం పరిధిలోకి వచ్చే కోర్సులను, సైకాలజీతో సహా, దూరవిద్యలో గాని ఆన్‌లైన్‌లో గాని 2025 జులై-ఆగస్టు విద్యాసంవత్సరం నుంచి కొత్తగా నడపరాదని యూజీసీ 2025లో విశ్వవిద్యాలయాలకు ఆదేశాలిచ్చింది. అంతకు ముందు మన వైపు ఎందరో ఉపాధ్యాయులు ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం నుంచి ఎంఏ సైకాలజీ చేశారు. వారిని చూసి మీరు కూడా అదే దారి అనుకుంటే నిరాశ తప్పదు. ఇప్పటికీ "ఇంటి దగ్గర కూర్చుని ఎమ్మెస్సీ సైకాలజీ" అని ఎవరైనా ఫోన్ చేస్తే, రుసుము కట్టే ముందు యూజీసీ వెబ్‌సైటులో ఆ కోర్సు పేరు, ఆ సంవత్సరం సరిచూసుకోండి.

ఉద్యోగం చేస్తున్నవారికి ఇది పెద్ద దెబ్బేనని ఒప్పుకుంటాను. అయినా నేను ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేను. ఎదుటి మనిషి కన్నీళ్లు పెట్టుకున్నప్పుడు మన ముఖం ఎలా ఉన్నదో, మన గొంతు ఎలా మారిందో చూసి చెప్పే గురువు పక్కన లేకుండా ఈ విద్య పట్టుబడదు.

ఇక మీకు అనువైన దారి కౌన్సెలింగ్ సైకాలజీలో గాని అప్లైడ్ సైకాలజీలో గాని రెండేళ్ల పీజీ. కొన్ని విశ్వవిద్యాలయాలు ఏ డిగ్రీ ఉన్నవారినైనా తీసుకుంటాయి, మరికొన్ని సైకాలజీ డిగ్రీ ఉండి తీరాలంటాయి. ఆ సంవత్సరపు నోటిఫికేషన్ చదవకుండా ఎవరి మాటా నమ్మకండి. విశాఖలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోను, తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోను సైకాలజీ విభాగాలు దశాబ్దాలుగా ఉన్నాయి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల పీజీ సీట్లు ఏపీ పీజీసెట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా భర్తీ అవుతాయి. ఎక్కడ చేరినా అడగవలసినవి మూడు: నిజమైన మనుషులతో ఎన్ని గంటలు పనిచేయిస్తారు, ఏ ఆసుపత్రిలో లేదా ఏ పాఠశాలలో చేయిస్తారు, ఆ పనిని వారం వారం ఎవరు సమీక్షిస్తారు. ఈ మూడింటికీ సూటిగా జవాబు చెప్పలేని చోట ఎంత అందమైన భవనం ఉన్నా చేరవద్దు.

పీజీ అయ్యాక మీరు "కౌన్సెలర్" అని గాని "కౌన్సెలింగ్ సైకాలజిస్టు" అని గాని చెప్పుకోవచ్చు. మందులు రాయడం సైకియాట్రిస్టు పని. ఒక మనిషికి ఫలానా జబ్బు ఉన్నదని పేరు పెట్టే తొందర కూడా మనకు పనికిరాదు. ఎవరిని ఎప్పుడు మంగళగిరి ఎయిమ్స్‌కో, గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రి మానసిక వైద్య విభాగానికో పంపాలో గుర్తించగలగడమే ఈ చదువులో సగం నేర్పు.


నంబూరు స్టేషన్ సమాధానం

మేడమ్, నేను కౌన్సెలింగ్ సైకాలజీ ఎమ్మెస్సీ చివరి సంవత్సరంలో ఉన్నాను. బీకాం చదివి, నాలుగేళ్లు బ్యాంకులో పనిచేసి ఇటు వచ్చాను కనుక, వేరే చదువు నుంచి వచ్చేవారికి ఎదురయ్యే ఇబ్బంది నాకు తెలుసు. స్టాటిస్టిక్స్ పేపరు చూసి చాలామంది భయపడతారు. కెమిస్ట్రీ చెప్పే మీకు అది నల్లేరు మీద బండి నడక. సిద్ధాంతాల పేపర్లు కూడా కష్టం కాదు. అసలు కష్టం మొదటి సెమిస్టరు రోల్‌ప్లేలో మొదలవుతుంది.

ఇద్దరిద్దరం ఎదురెదురుగా కూర్చుని, ఒకరు బాధ చెప్పుకునేవారుగా, మరొకరు కౌన్సెలరుగా ఇరవై నిమిషాలు మాట్లాడుకోవాలి. దాన్ని రికార్డు చేసి, ప్రతి మాటా, ప్రతి నిశ్శబ్దమూ కాగితం మీద రాయాలి. దీన్ని వెర్బేటిమ్ అంటారు. నా మొదటి వెర్బేటిమ్ తిరిగి వచ్చినప్పుడు మా గురువుగారు ఎర్రసిరాతో పద్నాలుగు చోట్ల గీతలు గీశారు. ఆ పద్నాలుగూ నేను సలహాలు ఇచ్చిన చోట్లు. ఎదుటి అమ్మాయి "ఇంట్లో ఎవరూ నా మాట వినరు" అని మొదలుపెట్టిన పది సెకన్లలోనే, "మీ అమ్మగారితో ఒకసారి కూర్చుని మాట్లాడి చూడండి" అన్నాను. అంటే నేను కూడా వినలేదు. మీ ప్రశ్న చదువుతుంటే ఆ కాగితం గుర్తుకొచ్చింది. మీరు ఆ రాత్రి చేసింది మాలో ప్రతి ఒక్కరూ మొదటి సెమిస్టరులో చేసే పనే.

అమెరికా మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ ఈ విషయాన్నే 1950లలో మూడు గుణాలుగా చెప్పాడు: ఎదుటివారి లోకంలోకి వెళ్లి వారి కళ్లతో చూడటం, షరతులు పెట్టకుండా ఆదరించడం, లోపలా బయటా ఒకే మనిషిగా ఉండటం. పరీక్షలో ఈ మూడూ రాయడానికి పది నిమిషాలు చాలు. మనుషుల ఎదుట పాటించడానికి నాకు రెండేళ్లు కూడా చాలలేదు.

తెలుగు గురించి మీరు అడిగినదే నన్ను ఈ సమాధానం రాయించింది. దిగులును కొలవడానికి పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రాన్ని విరివిగా వాడతారు. గత రెండు వారాల్లో ఎన్ని రోజులు అలా అనిపించిందో చెప్పించి, ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3 వరకు, మొత్తం 27కు లెక్క వేస్తారు. దానికి తెలుగు అనువాదం ఉంది. అయితే ఒక ఆసుపత్రిలో ప్రాక్టికమ్ (చదువులో భాగంగా చేసే శిక్షణ) చేస్తున్నప్పుడు మిరప యార్డులో తొడిమలు తీసే పనిచేసే ఒక పెద్దావిడను, గుర్తుపట్టే వివరాలు తీసేసి చెబుతున్నాను, "పనుల మీద ఆసక్తి తగ్గిందా?" అని కాగితంలో ఉన్నట్టే అడిగాను. ఆమె ఆశ్చర్యంగా చూసి, "ఆసక్తేందమ్మా, పనికి పోకపోతే పొయ్యి వెలగదు గదా" అన్నది. ఆ లెక్కన ఆమెకు సున్నా వేయాలి. మా సూపర్‌వైజరు గారు పక్కనుంచి, "పండగలకు ఇంటి ముందు ముగ్గు మీరే వేస్తారా?" అని అడిగారు. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ముగ్గేసి రెండేళ్లయింది" అన్నది. ఆమె పని మానలేదు, ఇష్టమైనదాన్ని మానుకున్నది. ఆ తేడా కాగితంలోని "ఆసక్తి" అనే మాటకు అందలేదు.

అప్పటినుంచి నేను ఒక నోటు పుస్తకంలో మాటలు రాసుకుంటున్నాను. మన దగ్గర "ఆందోళనగా ఉంది" అని చెప్పేవారు తక్కువ. గుండె దడ అంటారు, గాభరా అంటారు, కాళ్లల్లో సత్తువ లేదంటారు, నరాల బలహీనత అంటారు, మనసు మనసులో లేదంటారు. బెంగకూ దిగులుకూ ఉన్న తేడా ఏ ఇంగ్లీషు పుస్తకంలోనూ నాకు దొరకలేదు. బెంగకు ఒక మనిషో ఒక ఊరో గురి ఉంటుంది. హాస్టల్లో కొత్తగా చేరిన పిల్ల అమ్మ మీద బెంగపెట్టుకుంటే అది కొన్ని వారాల్లో సర్దుకోవచ్చు. నిద్ర, ఆకలి, చదువు మీద దృష్టి అన్నీ పోయి, దేనిమీదా గురి లేని దిగులు రెండు వారాలు దాటితే అది వేరే సంగతి. ఈ పరిజ్ఞానం మీకు పద్నాలుగేళ్లుగా తెలియకుండానే పోగుపడి ఉంటుంది. ఇంగ్లీషు పుస్తకం ఆ పరిజ్ఞానాన్ని సర్దుకోవడానికి అలమరలాగా ఉపయోగపడుతుంది.


వినుకొండ బస్సు సమాధానం

పై ఇద్దరూ చెప్పని దారి ఒకటి ఉన్నది కనుక క్లుప్తంగా రాస్తున్నాను. ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ, సాధారణంగా ఏ డిగ్రీ ఉన్నవారికైనా అందుబాటులో ఉంటుంది. మీకు దగ్గరలోనే, నంబూరు పక్కన ఉన్న ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో సోషల్ వర్క్ బోధిస్తారు. నేను ఆ చదువుతోనే ప్రభుత్వ ఆసుపత్రిలో హెచ్ఐవీ పరీక్షల కేంద్రంలో కౌన్సెలరుగా చేరి, ఇప్పుడు జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంతో కలిసి పనిచేస్తున్నాను. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సైకియాట్రిక్ సోషల్ వర్కరును మానసిక ఆరోగ్య నిపుణులలో ఒకరిగా గుర్తిస్తుంది. అందుకు ఎంఎస్‌డబ్ల్యూ తర్వాత పైచదువు కావాలి.

సైకాలజీ చదివినవారు మనిషి లోపలికి చూస్తారు, మేము ఆ మనిషి ఇంటికి వెళతాము. చెప్పుకోవడానికి ఇది కొంచెం మోటు విభజనే అయినా, ఒక పిల్ల నిద్రపోకపోవడానికి కారణం కౌలు భూమి మీద నాన్న చేసిన అప్పు అయినప్పుడు ఆ ఇంటి గడప తొక్కక తప్పదు.

మరొక మాట. విశాఖలో చదువుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న ఇచ్చిన తీర్పు ప్రకారం, వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థ పిల్లల, కౌమారుల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలరునో, సైకాలజిస్టునో, సోషల్ వర్కరునో కనీసం ఒకరిని నియమించుకోవాలి. మార్కులను బట్టి పిల్లలను సెక్షన్లుగా విడదీయడం కూడా సాధ్యమైనంతవరకు మానుకోవాలని ఆ తీర్పు చెప్పింది. మీ యాజమాన్యం ఈ పాటికి ఎవరినైనా నియమించిందా అని అడగండి. నియమించి ఉంటే వారి పక్కన కూర్చోండి. నియమించకపోతే మీ చదువుకు సెలవు అడగడానికి అంతకంటే బలమైన కారణం దొరకదు.


బ్రాడీపేట లెక్చరర్

ముగ్గురికీ హృదయపూర్వకంగా కృతజ్ఞతలు. దూరవిద్య సంగతి తెలియక నేను ఒక సంస్థకు వచ్చే వారం రుసుము కట్టబోతున్నాను; ఆ ఆలోచన మానుకున్నాను. వచ్చే ఏడాది జీతం లేని సెలవు పెట్టి రెగ్యులరు కోర్సులో చేరే విషయం ఇంట్లో మాట్లాడాము. మా వారు ఒప్పుకున్నారు, మా అత్తయ్యగారు ఇంకా ఒప్పుకోలేదు. పటమట క్లినిక్ గారిని ఒక్కటి అడగాలనిపిస్తోంది. చేరడానికి ఇంకా కొన్ని నెలలు ఉన్నాయి. ఈలోగా ఏ రాత్రయినా ఇంకొక అమ్మాయి అలాగే తలుపు తడితే నేను ఏం చేయాలి? వెళ్లిపోయిన ఆ అమ్మాయికి ఫోన్ చేసి మాట్లాడటం మంచిదేనా?


పటమట క్లినిక్ సమాధానం

తలుపు తట్టిన పిల్లను ముందు కూర్చోబెట్టండి, మీరు కూడా కూర్చోండి. ఊపిరి అందకుండా వచ్చే ఆ భయం సాధారణంగా పది నిమిషాల లోపే పతాక స్థాయికి చేరి, ఆ తర్వాత మెల్లగా దిగుతుంది. ఆ సేపు మీరు నెమ్మదిగా ఊపిరి తీసుకుంటూ పక్కన ఉంటే చాలు, మాటలు అక్కరలేదు. దిగిన తర్వాత, "ఎప్పటినుంచి ఇలా ఉంటోంది? నిద్ర ఎలా పడుతోంది? అన్నం తింటున్నావా?" అని అడగండి. మరునాడు డాక్టరుకు చూపించండి. రక్తహీనత, థైరాయిడ్, ఉబ్బసం వంటివి కూడా ఇలాగే కనిపించవచ్చు, వాటిని చూడకుండా అంతా మనసులోదే అని తీర్మానించడం పొరపాటు.

"చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగడానికి వెనుకాడవద్దు. అడిగితే ఆ ఆలోచన పుడుతుందేమోనని టీచర్లందరూ భయపడతారు. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. దాన్ని లోపల మోస్తున్నవారికి చెప్పుకునే వీలు కలుగుతుంది. అవునంటే ఆ పిల్లను ఒంటరిగా వదలకండి, తల్లిదండ్రులకు ఆ రాత్రే కబురు చేయండి, తెల్లవారగానే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకువెళ్లండి. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ-మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ ఫోను సేవ 14416 నంబరు రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు, ఏం చేయాలో తోచనప్పుడు మీరు కూడా ఆ నంబరుకు చేయవచ్చు. ఎవరికీ చెప్పనని మాత్రం ముందుగా మాట ఇవ్వకండి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్ల తనపై లైంగిక దాడి జరిగిందని చెబితే, 2012 నాటి పోక్సో చట్టం కింద దాన్ని పోలీసులకు తెలియజేయడం మీ విధి. "నీకు ప్రమాదం ఉన్నదనిపిస్తే తప్ప ఎవరికీ చెప్పను, చెప్పవలసి వస్తే ముందు నీకే చెబుతాను" అనడం నిజాయితీ అయిన మాట.

ఆ అమ్మాయి విషయం నేను రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను. మీ మనసులోని భారం దించుకోవడానికైతే ఫోన్ చేయవద్దు, ఆ పని నాలాంటివారి దగ్గర చేయవచ్చు. ఈ చదువులో ఉన్నవారిని తామే కొన్నాళ్లు కౌన్సెలింగ్‌కు వెళ్లమని మేము చెప్పేది అందుకే. ఆ అమ్మాయి ఎలా ఉన్నదో తెలుసుకోవాలని ఉంటే ముందు వాళ్ల నాన్నగారిని అడగండి, ఆ అమ్మాయికి ఇష్టమైతేనే మాట్లాడండి. మాట్లాడినప్పుడు, "ఆ రోజు నువ్వు చెప్పింది నేను సరిగా వినలేదమ్మా" అని ఒక్కసారి చెప్పి, తర్వాత తను ఏం చెబితే అది వినండి.